బొమ్మ వచ్చింది, మాట రాలేదు

పిల్లలూ, మీ ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది. బేస్‌మెంట్‌లోనో, క్లాజెట్ పై అరలోనో, ఛార్జర్ వైరు చుట్టబెట్టి పడి ఉంటుంది. "దీన్ని ఎందుకు పారెయ్యలేదు?" అని అడిగితే మీ అమ్మో నాన్నో "ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుంది" అంటారు. మా ఇంట్లో కూడా అదే మాట. అది నిజంగా పనికొచ్చిన రోజు గురించి ఇప్పుడు మీకు చెబుతాను. పాత లాప్‌టాప్‌ని టీవీకి ఎలా కలపాలో కూడా మధ్యలో చెబుతాను. మీకూ ఎప్పుడో ఒకప్పుడు అవసరం రావచ్చు.

మేముండేది నేపర్‌విల్‌లో. షికాగోకి పడమర వైపు, దాదాపు 30 మైళ్ల దూరం. రెండేళ్ల కిందట జూన్ నెలలో మా అమ్మ తెనాలి నుంచి మా ఇంటికి వచ్చింది. మా పిల్లలకి ఆవిడ అమ్మమ్మ. అప్పుడు మా అబ్బాయికి 12 ఏళ్లు, పాపకి 8 ఏళ్లు.

అమ్మ తన పెట్టె తెరిచి ఒక్కొక్కటే బయటకు తీసింది. ఆవకాయ సీసా, కందిపొడి, పిల్లలకి బట్టలు, సున్నుండలు. అన్నిటికంటే కింద, ఒక మెత్తటి నేతచీరలో చుట్టి, ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. డబ్బా మీద మా పెళ్లి ఫోటో. కింద 2004 అని అంకె. లోపల మూడు డీవీడీలు. అది మా పెళ్లి వీడియో.

"పిల్లలతో కలిసి చూద్దామని తెచ్చానే. అక్కడ మన ప్లేయర్ పాడైపోయి చాలా కాలమైంది. ఇందులో మీ నాన్న ఉన్నారు కదా" అంది అమ్మ.

మా నాన్న 2008లో పోయారు. అప్పటికి మా పిల్లలు ఇద్దరూ పుట్టలేదు. వాళ్లకి తాతయ్య అంటే హాల్లో గోడ మీద ఉన్న ఫోటో. అంతే. ఆయన ఎలా నడిచేవారో, ఎలా మాట్లాడేవారో వాళ్లకి తెలియదు.

"చూద్దాంలే అమ్మా" అన్నాను నేను.

ఇక్కడ ఒక చిన్న తెలుగు పాఠం. "చూద్దాం" అంటే చూస్తాం అనే. కానీ దాని చివర "లే" చేరిందంటే, ఇప్పుడు కాదు అని అర్థం. ఎప్పుడో తెలియదు అని కూడా అర్థం. మీ ఇంట్లో పెద్దవాళ్లు "కొందాంలే", "వెళ్దాంలే" అన్నప్పుడు గమనించండి.

జూన్ అయింది. జులై అయింది. ఎండాకాలం సాయంత్రాలు మేము డుపేజ్ నది పక్కనున్న రివర్‌వాక్‌కి వెళ్లేవాళ్లం. ఈ రివర్‌వాక్‌ని 1981లో కట్టారు. ఈ ఊరు మొదలై అప్పటికి 150 ఏళ్లు. అక్కడ ఒక పెద్ద గంటల గోపురం ఉంది. 160 అడుగుల ఎత్తు, లోపల 72 గంటలు. అవి మోగగానే అమ్మ నడక ఆపి, కళ్లు మూసుకుని దండం పెట్టుకునేది. "అమ్మమ్మా, అది గుడి కాదు" అని పాప నవ్వేది. "ఏదైతేనేం, గంట గంటే కదమ్మా" అనేది అమ్మ. తర్వాత తర్వాత పాప కూడా దండం పెట్టడం మొదలుపెట్టింది.

ఆగస్టులో బడులు తెరిచారు. సాకర్, పియానో, లెక్కల క్లాసు, ఆదివారం తెలుగు బడి. నాకు ఆఫీసు. అమ్మ రెండుసార్లు అడిగింది. నేను రెండుసార్లూ "చూద్దాంలే" అన్నాను. నవంబరు వచ్చింది. గడియారాలు గంట వెనక్కి తిప్పారు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతోంది. చలికి అమ్మ బయటకు రావడం మానేసింది.

థాంక్స్‌గివింగ్ వారం. శనివారం అమ్మ విమానం. బుధవారం సాయంత్రం అమ్మ పెట్టె సర్దుకుంటూ ఆ డబ్బాని బల్ల మీద పెట్టింది. "దీన్ని మళ్లీ తీసుకెళ్లిపోనా, ఇక్కడే ఉంచనా?" అని అడిగింది. ఇంకేమీ అనలేదు. ఐదు నెలలుగా ఆ డబ్బా అలాగే ఉంది. నాకు చాలా సిగ్గేసింది.

"ఈ రాత్రే చూద్దాం" అన్నాను. ఈసారి "లే" అనలేదు.

డిస్కు తెనాలిది, ప్లేయరు నేపర్‌విల్‌ది

మా దగ్గర పాత డీవీడీ ప్లేయర్ ఉంది. ఇక్కడ కొన్నదే. దుమ్ము తుడిచి, టీవీకి కలిపి, మొదటి డిస్కు పెట్టాను. టీవీ మీద ఒక గీత వచ్చింది, పోయింది. తర్వాత "ఈ డిస్కును ఆడించలేము" అని వచ్చింది. రెండో డిస్కు, మూడో డిస్కు కూడా అంతే.

డిస్కులు పాడయ్యాయేమో అని అమ్మ ముఖం చిన్నబోయింది. కానీ డిస్కులు పాడవలేదు. అసలు సంగతి వేరు.

పాత రోజుల్లో టీవీ పద్ధతులు దేశానికో రకంగా ఉండేవి. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ అనే పద్ధతి. ఇండియాలో పాల్ అనే పద్ధతి. మన పాలు కాదు, పద్ధతి పేరే పాల్! టీవీలో కదిలే బొమ్మ నిజానికి వెంట వెంటనే వచ్చే ఎన్నో బొమ్మల వరుస. పాల్‌లో సెకనుకి 25 బొమ్మలు. ఎన్‌టీఎస్‌సీలో సెకనుకి దాదాపు 30. ఒక్కో బొమ్మలో ఉండే గీతలు కూడా వేరు: పాల్‌లో 625, ఎన్‌టీఎస్‌సీలో 525.

ఈ తేడా ఎందుకో తెలుసా? ఇంటికి వచ్చే కరెంటు వల్ల. ఇండియాలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అమెరికాలో 60 సార్లు. మొదట్లో టీవీలు చేసినవాళ్లు బొమ్మల వేగాన్ని కరెంటు వేగానికి సరిపోయేలా పెట్టుకున్నారు. 50లో సగం 25, 60లో సగం 30. అలా తెనాలిలో తీసిన పెళ్లి వీడియో పాల్‌లో ఉంది. మా నేపర్‌విల్ ప్లేయర్‌కి పాల్ రాదు. కొన్ని ప్లేయర్లకి రెండూ వస్తాయి. మాదానికి ఒకటే వచ్చు.

"కంప్యూటర్‌కి రెండూ వచ్చు కదా?" అన్నాడు మా అబ్బాయి. నిజమే. కంప్యూటర్‌కి పాల్ అయినా ఎన్‌టీఎస్‌సీ అయినా ఒకటే. కానీ ఇప్పటి లాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండదు. అప్పుడు గుర్తొచ్చింది, బేస్‌మెంట్‌లో పాతది.

యూఎస్‌బీతో కలిపే డీవీడీ డ్రైవ్ కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. ఆ రాత్రి నాకు అది తట్టలేదు.

నీలం రంగు సాకెట్టు

ఆ లాప్‌టాప్ 2010లో కొన్నది. ఒకసారి కింద పడి తెర సగం నల్లబడిపోయింది. ఇంకోసారి కాఫీ ఒలికి స్పీకర్లు మూగబోయాయి. బ్యాటరీ కూడా పోయింది. కానీ ఛార్జర్ పెడితే లేస్తుంది. డిస్కు తిరుగుతుంది. ఆ సగం తెర మీద అమ్మకి ఏమీ కనపడదు. కాబట్టి టీవీకి కలపాలి.

మీరు కూడా పాత లాప్‌టాప్‌ని టీవీకి కలపాలనుకుంటే, ముందు చేయాల్సింది ఒకటే. లాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి, ఏ సాకెట్లు ఉన్నాయో చూడండి. తర్వాత టీవీ వెనక కూడా చూడండి. వైరు కొనడం ఆ తర్వాతే.

సన్నగా, కింది వైపు రెండు మూలలూ కోసినట్టు ఉంటే అది హెచ్‌డీఎంఐ. దాని మొదటి పద్ధతి 2002 చివర్లో వచ్చింది. లోపల 19 పిన్నులు. దానిలో బొమ్మ, మాట రెండూ ఒకే వైరులో వెళ్తాయి. మీ లాప్‌టాప్‌కి అది ఉంటే మీ పని చాలా తేలిక. ఒక్క వైరు చాలు.

కొంచెం వెడల్పుగా, చాలాసార్లు నీలం రంగులో, మూడు వరుసల్లో ఐదేసి చొప్పున 15 రంధ్రాలు ఉంటే అది వీజీఏ. రెండు వైపులా మరలు తిప్పే చోటు ఉంటుంది. ఇది చాలా పాతది. ఐబీఎం కంపెనీ 1987లో తన కంప్యూటర్లలో పెట్టింది. మా లాప్‌టాప్ చవకది కాబట్టి దానికి వీజీఏ ఒక్కటే ఉంది. మా టీవీకేమో హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది.

వీజీఏలో బొమ్మ ఎలా వెళ్తుందంటే, ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అనేది కరెంటు హెచ్చుతగ్గులుగా వెళ్తుంది. హెచ్‌డీఎంఐలో అలా కాదు. అన్నీ సున్నాలూ ఒకట్లూ అయి, అంకెలుగా వెళ్తాయి. అంటే వీటిది చెరో భాష. మధ్యలో ఒక అనువాదకుడు కావాలి. ఒక భాషలో విని ఇంకో భాషలో చెప్పే మనిషిని అనువాదకుడు అంటారు. ఇక్కడ ఆ పని చేసేది ఒక చిన్న డబ్బా. దాని పేరు కన్వర్టర్.

బుధవారం రాత్రి షాపు మూసే ముందు పరిగెత్తాను. వీజీఏ, హెచ్‌డీఎంఐ అని రెండు పేర్లూ ఉన్న డబ్బా కనిపించింది. తెచ్చేశాను. ఇంట్లో ఉన్న పాత వీజీఏ వైరుతో లాప్‌టాప్‌కి కలిపాను. రెండో కొస టీవీలో చక్కగా సరిపోయింది. టీవీ మీద మాత్రం "సిగ్నల్ లేదు" అని వచ్చింది. వైరు తీసి పెట్టాను. టీవీ ఆపి వేశాను. సిగ్నల్ లేదు. లాప్‌టాప్ ఆపి వేశాను. సిగ్నల్ లేదు.

మా అబ్బాయి ఖాళీ అట్టపెట్టె తీసి చదివాడు. "అమ్మా, ఇది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి. మనకి కావాల్సింది వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి."

చూశారా! పేర్లు రెండూ అవే. తేడా అంతా "నుంచి", "కి" అనే చిన్న మాటల్లో ఉంది. తెలుగు బడిలో వీటిని విభక్తులు అని నేర్చుకుంటారు. "విజయవాడ నుంచి తెనాలికి" వెళ్లే రైలు ఎక్కబోయి "తెనాలి నుంచి విజయవాడకి" వెళ్లే రైలు ఎక్కితే ఏమవుతుంది? పట్టాలు అవే. ఊళ్లు అవే. మనం చేరేది మాత్రం వేరే చోటికి.

ఈ కన్వర్టర్లు చాలావరకు ఒక వైపే పని చేస్తాయి. "మనలాగే!" అన్నాడు మా అబ్బాయి. నాకు అర్థం కాలేదు. "నువ్వు తెలుగులో చెప్తావు, మేము ఇంగ్లీషులో ఆన్సర్ చేస్తాం కదా. తెలుగు లోపలికి వెళ్తుంది, బయటికి రాదు" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వాక, వాడు అన్నది నిజమే కదా అనిపించింది. మీ ఇంట్లో ఎలా ఉంది?

మర్నాడు థాంక్స్‌గివింగ్. ఆ షాపు తెరవలేదు. అమ్మ పులిహోర చేసింది. పిల్లలు గుమ్మడికాయ పై తిన్నారు. ఎవరూ డిస్కుల మాట ఎత్తలేదు. అమ్మ మాత్రం మధ్యాహ్నం ఒకసారి డబ్బా తెరిచి, డిస్కుల్ని మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టింది. ఇంకా ఒక్క రోజే మిగిలింది.

శుక్రవారం: బొమ్మ పడింది

శుక్రవారం పొద్దున్నే వెళ్లి కన్వర్టర్ మార్చి తెచ్చాను. ఈసారి "నుంచి", "కి" రెండుసార్లు చదివాను. ఈ కన్వర్టర్‌కి ఒక యూఎస్‌బీ తోక కూడా ఉంది. అది దాని అన్నం. అంటే కరెంటు. లాప్‌టాప్‌లో ఆ తోక పెడితేనే కన్వర్టర్ పని చేస్తుంది.

అన్నీ కలిపాం. టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ నొక్కి, వైరు పెట్టిన హెచ్‌డీఎంఐ నెంబరు ఎంచుకున్నాం. లాప్‌టాప్ కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట పట్టుకుని 'పీ' నొక్కాం. విండోస్ 7 నుంచి ఈ సౌకర్యం ఉంది. అప్పుడు నాలుగు దారులు కనిపిస్తాయి. బొమ్మ కంప్యూటర్ మీదే ఉండాలా, రెండింటి మీదా ఒకటే ఉండాలా, రెండు తెరలూ కలిసి ఒక పెద్ద తెర కావాలా, టీవీ మీదే ఉండాలా? మేము రెండోది ఎంచుకున్నాం.

టీవీ మీద బొమ్మ పడింది! మా ఊళ్లో సినిమా మొదలవగానే జనం "బొమ్మ పడింది!" అని అరిచేవాళ్లు. అమ్మ కూడా అలాగే అరిచింది.

మొదట అందరూ లావుగా కనిపించారు. "అమ్మా, నువ్వు చాలా గుండ్రంగా ఉన్నావు" అంది పాప. ఆ రోజుల్లో వీడియో నలుచదరానికి దగ్గరగా ఉండేది: వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. ఇప్పటి టీవీలు వెడల్పు: 16 పాళ్లకి 9. బొమ్మని సాగదీస్తే మనుషులు లావవుతారు. సాగదీయకుండా పెడితే రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. అవి ఉండడమే సరి.

పందిరి కనిపించింది. మామిడాకుల తోరణాలు కనిపించాయి. సన్నాయి, డోలు పట్టుకున్న మేళంవాళ్లు కనిపించారు. తర్వాత, తెల్ల పంచె, భుజం మీద కండువాతో మా నాన్న కనిపించారు.

కానీ మాట లేదు. సన్నాయి ఊదుతున్నారు, సన్నాయి వినపడదు. డోలు కొడుతున్నారు, డోలు వినపడదు. లాప్‌టాప్ స్పీకర్లు ఎప్పుడో మూగబోయాయి కదా. టీవీలో కూడా ఏమీ లేదు.

వీడియోలో మా నాన్న ఒక అబ్బాయిని దగ్గరికి పిలిచారు. ఆయన కనుబొమలు ముడిపడి ఉన్నాయి. చెయ్యి ఊపుతూ, వేలు చూపిస్తూ, నోరు పెద్దగా తెరిచి ఏదో అంటున్నారు. ఆ అబ్బాయి తల వంచుకుని పరిగెత్తాడు.

పాప నా పక్కకి జరిగింది. "తాతయ్య ఎందుకు అంత కోపంగా ఉన్నారు?" అంది.

"కోపం కాదమ్మా. మీ తాతయ్య ఎవర్నీ ఒక్క మాట అనేవారు కాదు" అంది అమ్మ.

"మరి అలా అరుస్తున్నారు కదా?"

"ఏమంటున్నారో మాట వినపడితే కదా చెప్పగలను" అంది అమ్మ. ఆవిడకీ గుర్తులేదు. పద్దెనిమిదేళ్లు దాటిపోయింది మరి.

పాప ఇంకేమీ అనలేదు. కానీ దాని ముఖం చూస్తే నమ్మలేదని తెలిసిపోయింది. ఇన్నేళ్లు ఫోటోలో నవ్వుతూ ఉన్న తాతయ్య మొదటిసారి కదిలి కనిపించారు, ఎవరినో తిడుతూ కనిపించారు. రేపు అమ్మమ్మ వెళ్లిపోతుంది. పాపకి తాతయ్య అంటే ఇక ఇదే గుర్తుండిపోతుంది. నాకు గుండె బరువెక్కింది.

మాట వచ్చింది

వీజీఏలో ఉన్న 15 పిన్నుల్లో మాట కోసం ఒక్కటి కూడా లేదు. అది బొమ్మ కోసం మాత్రమే చేసిన సాకెట్టు. మాటకి వేరే దారి కావాలి. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. నేను టీవీ వాల్యూమ్ పెంచుతూ కూర్చున్నాను. ఎంత పెంచినా ఏం లాభం? అక్కడికి మాట చేరితే కదా.

మా అబ్బాయి కన్వర్టర్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. పక్కన ఒక చిన్న గుండ్రటి రంధ్రం ఉంది, ఇయర్‌ఫోన్ పెట్టుకునేంత. "దీనికి ఏదో రావాలి" అన్నాడు. చెత్తబుట్టలో పడేసిన అట్టపెట్టె తీసి దులిపాం. సన్నటి నల్ల వైరు ఒకటి కింద పడింది. రెండు కొసలా ఇయర్‌ఫోన్ పిన్నులే. నేను దాన్ని చూడకుండానే పారేశాను!

ఒక కొస లాప్‌టాప్ ఇయర్‌ఫోన్ రంధ్రంలో. ఇంకో కొస కన్వర్టర్ రంధ్రంలో. అప్పుడు మాట లాప్‌టాప్ నుంచి ఆ వైరులో వచ్చి, కన్వర్టర్‌లో బొమ్మతో కలిసి, హెచ్‌డీఎంఐ దారిలో టీవీకి వెళ్తుంది.

పెట్టాం. అయినా మాట రాలేదు.

పాప లాప్‌టాప్ తెరలో బాగున్న సగం వైపు చూసి, "స్పీకర్ బొమ్మ మీద ఎర్ర గుర్తు ఉంది" అంది. మ్యూట్! ఎన్నేళ్ల కిందట పెట్టామో ఏమో. పాపే మీట నొక్కింది.

ఒక్కసారిగా సన్నాయి, డోలు ఇల్లంతా నిండిపోయాయి. నేను టీవీ వాల్యూమ్ చివరిదాకా పెంచి ఉంచాను కదా! అందరం చెవులు మూసుకున్నాం. వాల్యూమ్ తగ్గించి, వీడియోని వెనక్కి జరిపాం. మా నాన్న మళ్లీ ఆ అబ్బాయిని పిలిచారు. కనుబొమలు ముడిచారు. చెయ్యి ఊపారు.

"ఒరేయ్, బస్సు డ్రైవర్లు భోంచేశారా? ముందు వాళ్లని కూర్చోబెట్టండిరా! రాత్రంతా నిద్ర లేకుండా వచ్చారు!"

మా పెళ్లికి మగపెళ్లివారు రాజమండ్రి నుంచి రెండు బస్సుల్లో వచ్చారు. పెళ్లివారు బస చేసే చోటుని విడిది అంటారు. విడిదిలో పెళ్లివారికి ఫలహారాలు అందాయి. డ్రైవర్ల సంగతి ఎవరికీ గుర్తులేదు. నాన్నకి గుర్తుంది. పక్కనే మేళం హోరెత్తిస్తోంది కాబట్టి గట్టిగా అరవాల్సి వచ్చింది. మాట లేని బొమ్మలో మాకు మేళం వినపడలేదు. అందుకే అది కోపంలా కనిపించింది.

"డ్రైవర్లు" అన్నది పాపకి తెలిసింది. "భోంచేశారా అంటే?" అని అమ్మమ్మని అడిగింది.

"అన్నం తిన్నారా అని అడగడం. పెద్దవాళ్లని, ఇంటికి వచ్చినవాళ్లని గౌరవంగా అడిగే మాట" అంది అమ్మ. కొంచెం ఆగి, "ఆ రోజు అందరూ తిన్నాక, మీ తాతయ్య తినేసరికి రాత్రి పదకొండయింది" అంది. కళ్లు తుడుచుకుంది. నవ్వింది కూడా.

పాప ఆ ముక్క ఐదుసార్లు వేయించుకుంది. ఐదోసారి తాతయ్యతో పాటు తనూ చెయ్యి ఊపుతూ "భోంచేశారా?" అంది. అచ్చం ఆయనలాగే.

ఆ రాత్రి మూడు డిస్కులూ చూశాం. రెండింటిదాకా మేలుకున్నాం. అమ్మ ఒక్కొక్కరినీ చూపిస్తూ ఎవరు ఏమవుతారో చెప్పింది: మేనత్త, పినతండ్రి, తోడికోడలు, వేలువిడిచిన మేనమామ. వేలువిడిచిన మేనమామ అంటే ఎవరో నేను చెప్పను. మీ ఇంట్లో అడగండి.

మీరు కలపాలంటే

నేను చేసిన తప్పులు మీరు చేయకుండా, వరుసగా చెబుతాను.

ముందు రెండు చోట్లా సాకెట్లు చూడండి. రెండింటికీ హెచ్‌డీఎంఐ ఉంటే ఒక్క వైరు చాలు. అప్పుడు కూడా మాట రాకపోతే, లాప్‌టాప్‌లో స్పీకర్ గుర్తు మీద నొక్కి, మాట ఎక్కడికి వెళ్లాలో అడిగే చోట టీవీ పేరు ఎంచుకోండి.

లాప్‌టాప్‌కి వీజీఏ, టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటే, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ కొనండి. మాటకి రంధ్రం ఉన్నదే కొనండి. మూడు కలపాలని గుర్తుంచుకోండి: బొమ్మకి వీజీఏ, మాటకి సన్న వైరు, కరెంటుకి యూఎస్‌బీ.

టీవీకి కూడా వీజీఏ ఉంటే కన్వర్టర్ అక్కర్లేదు. వీజీఏ వైరు చాలు. కానీ మాటకి సన్న వైరు మాత్రం కావాలి. కొన్ని టీవీలకి వీజీఏ పక్కనే దానికి రంధ్రం ఉంటుంది. లేకపోతే ఆ సన్న వైరుని ఏదైనా స్పీకర్‌కి పెట్టుకోవచ్చు.

వైర్లు పెట్టేటప్పుడు బలంగా తొయ్యకండి. వీజీఏ పిన్నులు తేలిగ్గా వంగిపోతాయి. ఒక అంచు పొడవు, ఒక అంచు పొట్టి. చూసి పెట్టండి. చివరగా, రెండు చోట్లా వాల్యూమ్ చూడండి. టీవీది తగ్గించి, లాప్‌టాప్‌ది పెంచి మొదలుపెట్టండి. లేకపోతే మాలాగా చెవులు మూసుకోవాలి!

ఇంకొక్క మాట. ఇంట్లో రాసుకున్న డీవీడీలు ఎప్పటికీ ఉండవు. ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతాయి. మేము ఆ మూడు డిస్కుల్నీ రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకున్నాం. మీ ఇంట్లో అలాంటివి ఉంటే "చూద్దాంలే" అననివ్వకండి. మీరే వెంటపడండి.

ఓహేర్‌లో

శనివారం అందరం ఓహేర్ విమానాశ్రయానికి వెళ్లాం. అమ్మ డబ్బాని నాకే ఇచ్చేసింది. పెద్ద కిటికీల దగ్గర నిలబడి విమానాలు చూస్తుంటే పాప అమ్మమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది. తెలుగులోనే అడిగింది.

"అమ్మమ్మా, మీ విమానం డ్రైవర్లు భోంచేశారా?"

అమ్మ వంగి దాన్ని ముద్దు పెట్టుకుంది. "లోపలికి వెళ్లి కనుక్కుంటానమ్మా" అంది.

ఇప్పుడు అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేస్తుంది. చలికాలంలో అక్కడ ఉదయం ఎనిమిదైతే ఇక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర. ఫోన్ ఎత్తగానే మా పాప అడిగే మొదటి మాట మీకు తెలుసు. అమ్మకి ఇంకా టిఫిన్ కూడా కాలేదని దానికి తెలుసు. అయినా అడుగుతుంది.

మీరూ చెప్పండి

1. మీ తాతయ్య, నానమ్మ, అమ్మమ్మల గొంతు ఉన్న పాత వీడియో ఏదైనా మీ ఇంట్లో ఉందా? అది దేనిలో ఉంది: క్యాసెట్, డీవీడీ, ఫోన్?

2. ఆ వీడియోని ముందు మాట లేకుండా రెండు నిమిషాలు చూడండి. వాళ్లు ఏమంటున్నారో ఊహించి రాయండి. తర్వాత మాటతో చూడండి. మీరు ఊహించినదానికీ, వాళ్లు అన్నదానికీ తేడా ఏమిటి?

3. "నుంచి", "కి" వాడి మూడు వాక్యాలు రాయండి. ఆ రెండు మాటల చోటు మార్చి మళ్లీ రాయండి. అర్థం ఎలా మారింది?

4. ఈ రోజు ఇంట్లో ఒకరిని "భోంచేశారా?" అని అడగండి. వాళ్లు ఏం జవాబు చెప్పారో రాయండి.